నిర్ణయం నర్సు చేతికి వచ్చినప్పుడు

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరిన మనిషికి మొదటి మూడు రోజుల్లో మూడు ముప్పులు పొంచి ఉంటాయి. జ్వరం రావచ్చు, రక్తంలో చక్కెర పెరగవచ్చు, గుటక వేయడం కష్టం కావచ్చు. జ్వరం, చక్కెర కలిసి అప్పటికే దెబ్బతిన్న మెదడును ఇంకా దెబ్బతీస్తాయి. గుటక సరిగ్గా పడుతోందో లేదో చూడకుండా నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా పట్టుకుంటుంది. వీటిలో ఏదీ కొత్తగా కనుక్కొన్న సంగతి కాదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, పారాసెటమాల్, ఇన్సులిన్ ఏ స్ట్రోక్ వార్డులోనైనా ఉండేవే. అయినా జ్వరం చూసి గంటలు గడిచినా మందు పడకపోవడం, చక్కెర అంకె కేస్ షీటులోకి ఎక్కి అక్కడే ఉండిపోవడం, గుటక పరీక్ష కాకముందే మాత్ర మింగించడం వార్డుల్లో కొత్తేమీ కాదు.

ఆస్ట్రేలియాలో నర్సింగ్ పరిశోధకురాలు శాండీ మిడిల్టన్ బృందం ఈ ఖాళీ మీదే పని చేసింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని 19 స్ట్రోక్ యూనిట్లను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి అప్పటికే ఉన్న మార్గదర్శకాల క్లుప్త ప్రతిని ఇచ్చి ఊరుకున్నారు. రెండో వర్గంలో జ్వరం, చక్కెర, గుటక చూసే బాధ్యతను నర్సులకు అప్పగించారు. ఎన్ని గంటలకోసారి చూడాలి, ఎంత దాటితే ఏ మందు మొదలుపెట్టాలి అన్నది ముందే రాసి ఉంచారు. నర్సులే గుటకను పరీక్షించేలా శిక్షణ ఇచ్చారు. ఆ వార్డులో ఈ పని జరగకుండా అడ్డుపడుతున్నదేమిటో అక్కడివారే కూర్చుని గుర్తించే సమావేశాలు పెట్టారు. 2011లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే, మరణించినవారూ ఇతరుల సాయం లేకుండా బతకలేని స్థితిలో ఉన్నవారూ కలిపి మొదటి వర్గంలో 58 శాతం, రెండో వర్గంలో 42 శాతం. అంటే సుమారు ఆరుగురిని ఇలా చూసుకుంటే వారిలో ఒకరు ఆ దుస్థితి నుంచి బయటపడ్డారు. ఖరీదైన మందులకు కూడా తరచుగా దక్కని ఫలితం ఇది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. మార్గదర్శకాలు రెండు వర్గాలకూ అందాయి. చదివితే తెలిసే విషయం రెండుచోట్లా సమానమే. ఎవరు చూడాలి, చూశాక ఎవరినీ అడగకుండా ఏం చేయవచ్చు అన్నది మాత్రం ఒకచోటే తేలింది. నర్సుల నాయకత్వంలో నడిచే ప్రాజెక్టుల గురించి మాట్లాడేటప్పుడు సేవాభావం, ఓర్పు, కరుణ లాంటి మాటలు ముందుకు వస్తాయి. వాటిని కాదనేవారు లేరు. కానీ ఫలితాలిచ్చిన ప్రాజెక్టులను విప్పి చూస్తే లోపల కనిపించేది చాలా పొడి విషయం: ఒక చిన్న నిర్ణయం, దాన్ని తీసుకునే హక్కు, దానికి పట్టే సమయం. ఈ మూడింట్లో ఒకటి లోపించినా మిగిలేది గోడ మీద పోస్టరే.

తెలిసీ చేయలేని పనులు

మూత్రపు గొట్టం కథ ఇందుకు మంచి ఉదాహరణ. కాథెటర్ వేసేటప్పుడు కారణం ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఆ కారణం పోతుంది, గొట్టం మాత్రం ఉండిపోతుంది. అది ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతూనే ఉంటుంది. అమెరికాలో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో వైద్య బృందాలను వారి సొంత రోగుల గురించే అడిగారు: ఈ రోగికి కాథెటర్ ఉందా? సుమారు 28 శాతం సందర్భాల్లో వారికి తెలియదు. సీనియర్ వైద్యుల విషయంలో ఇది 38 శాతం. హోదా పెరిగేకొద్దీ మంచానికి దూరం పెరుగుతుందని అంకెలు ఇంత సూటిగా చెప్పడం అరుదు.

రోజూ ఆ సంచిని ఖాళీ చేసే నర్సుకు మాత్రం అది ఉందని తెలుసు, అవసరం లేదనీ తెలుసు. కానీ తీయాలంటే వైద్యుడి ఆర్డరు కావాలి. ఆర్డరు కోసం ఫోన్ చేయాలి, ఆయన ఆపరేషన్ థియేటరులో ఉంటారు, షిఫ్టు మారుతుంది, మరో రోజు గడుస్తుంది. నర్సుల చేత నడిచే కాథెటర్ ప్రోటోకాల్ ఈ క్రమాన్ని తిరగేస్తుంది. గొట్టం ఉంచడానికి ఒప్పుకునే కారణాలను ముందే జాబితాగా రాసి, అందులో ఒకటీ లేకపోతే నర్సే తీసేయవచ్చని నిర్ణయిస్తారు. అంటే ఇక ఆర్డరు కావాల్సింది ఉంచడానికే. రోజువారీ అవసరాన్ని ఇలా సమీక్షించడం, వేసేటప్పుడు శుభ్రత, వార్డు సిబ్బందికి శిక్షణ వంటివి కలిపి అమెరికాలో 603 ఆసుపత్రుల్లో నడిపిన కార్యక్రమం ఫలితాలు 2016లో వచ్చాయి. ఐసీయూ కాని వార్డుల్లో కాథెటర్ ఇన్ఫెక్షన్లు 32 శాతం తగ్గాయి. ఐసీయూల్లో మార్పు లేదు. బహుశా అక్కడ గంటగంటకూ మూత్రం కొలవాలన్న కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉండటం వల్ల కావచ్చు. ఒకచోట పని చేసిన పద్ధతి పక్క గదిలోనే పని చేయకపోవచ్చు అన్నది ఈ రంగంలో పదేపదే ఎదురయ్యే నిజం.

మందుల కోసం గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే సన్నని గొట్టాన్ని సెంట్రల్ లైన్ అంటారు. దానివల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల విషయంలో అందరికీ గుర్తున్న పేరు వైద్యుడు పీటర్ ప్రోనోవోస్ట్‌ది. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, రోగిని పూర్తిగా కప్పే స్టెరైల్ వస్త్రాలు వాడటం, వీలైనంతవరకు తొడ దగ్గరి సిరను వదిలేయడం, అవసరం లేని లైన్లు తీసేయడం. ఈ ఐదు అంశాల చెక్‌లిస్టు ప్రపంచమంతా తిరిగింది. మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో అమలు చేస్తే, లైన్ ఉన్న వెయ్యి రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు చేరిందని 2006లో ప్రచురించారు. కాగితం మీదున్న ఐదు గీతలకు అంత శక్తి ఎక్కడిది? ఒక మెట్టు తప్పితే, ప్రాణం మీదకు వచ్చిన అత్యవసరం కానప్పుడు, నర్సు వైద్యుణ్ణి ఆపవచ్చని అక్కడ ముందే ప్రకటించారు, ఆపిన నర్సు వెనుక యాజమాన్యం నిలబడింది. దీన్ని నర్సుల ప్రాజెక్టు అని ఎవరూ పిలవలేదు. పని చేయించింది మాత్రం నర్సుకు దక్కిన ఆ హక్కే అనడానికి బలమైన కారణాలున్నాయి.

అదే చెక్‌లిస్టును ఇంగ్లండ్‌లో అమలు చేసినప్పుడు ఇన్ఫెక్షన్లు తగ్గాయి గానీ, కార్యక్రమంలో ఇంకా చేరని ఐసీయూల్లో కూడా దాదాపు అలాగే తగ్గుతూ వచ్చాయి. పైనుంచి వచ్చిన మరో ఆదేశంగా చాలా యూనిట్లు దాన్ని చూశాయని తర్వాతి పరిశీలనలో తేలింది.

పళ్లు తోమడం అనే వైద్యం

ఆసుపత్రిలో చేరాక వచ్చే న్యుమోనియా అనగానే వెంటిలేటర్ గుర్తొస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్నవారికి నోటి శుభ్రతకు ప్రత్యేక కిట్ ఉంటుంది, సమయపట్టిక ఉంటుంది, ఇన్ఫెక్షన్ లెక్క పైకి వెళ్తుంది. మామూలు వార్డులో పడుకున్న రోగికి వచ్చే న్యుమోనియాకు చాలాచోట్ల ఇవేవీ లేవు. లెక్క అడిగేవారు లేరు కాబట్టి సమస్య కూడా లేనట్టే.

అమెరికాలోని శాక్రమెంటోలో ఒక పెద్ద ఆసుపత్రిలో బార్బరా క్విన్, డయాన్ బేకర్ అనే నర్సింగ్ నిపుణులు ఆ లెక్క తీశారు. న్యుమోనియాకు కారణమయ్యే క్రిములు ఎక్కువగా రోగి సొంత నోటిలోనే పెరుగుతాయి. ఆరోగ్యవంతుడు మాట్లాడుతూ, తింటూ, పళ్లు తోముకుంటూ వాటిని అదుపులో ఉంచుతాడు. నీరసించిన రోగి నోట్లో అవి పళ్ల పాచిలో స్థిరపడి, నిద్రలో లాలాజలంతో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఈ కార్యకారణ సంబంధం పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. వార్డులో మాత్రం నోటి శుభ్రత రోగికి హాయినిచ్చే పనుల జాబితాలో ఉండేది, సమయం ఉంటే చేసే పని. ప్రాజెక్టు చేసిందల్లా దాన్ని ఇన్ఫెక్షన్ నివారణ జాబితాలోకి మార్చడం, నాసిరకం బ్రష్షుల స్థానంలో మంచివి తెప్పించడం, రోజుకు ఎన్నిసార్లు అన్నది నిర్ణయించడం, చేసినది లెక్కించడం. న్యుమోనియా కేసులు మూడో వంతుకు పైగా తగ్గాయని 2014లో ప్రచురించారు.

నర్సులకు కావాల్సిన బ్రష్షు రకాన్ని నర్సులే ఎంచుకోగలగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కొనుగోలు విభాగంతో ఒక్కసారి మాట్లాడి చూసినవారికి అది చిన్నది కాదని తెలుసు.

అయితే ఇది ఒక ఆసుపత్రిలో ముందూ వెనుకా పోల్చి చూసిన అధ్యయనం. దాని బలం అంతవరకే. 2023 చివరలో 15 ప్రయోగాలను, 2,700కు పైగా రోగులను కలిపి చూసిన విశ్లేషణ వెలువడింది. రోజూ బ్రష్షుతో పళ్లు తోమినచోట ఆసుపత్రి న్యుమోనియా సుమారు మూడో వంతు తక్కువగా, ఐసీయూ మరణాలు కూడా తక్కువగా ఉన్నాయి. కానీ ఆ ప్రయోజనం స్పష్టంగా రుజువైంది వెంటిలేటర్ మీద ఉన్నవారిలో. మామూలు వార్డు రోగుల మీద మంచి ప్రయోగాలు ఇంకా తక్కువే. బ్రష్షు వల్ల హాని లేదు కాబట్టి రుజువు కోసం ఆగాల్సిన పని లేదన్న వాదన సబబే. దాన్నే తిరుగులేని విజయంగా ప్రచారం చేసుకోవడం మాత్రం తొందరపాటు.

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాట్రిస్ కాలిష్ 2006లో వార్డుల్లో తరచుగా జరగకుండా పోయే నర్సింగ్ పనులను గుర్తించారు. రోగిని నడిపించడం, మంచంలో అటూ ఇటూ తిప్పడం, వేళకు తినిపించడం, ఇంటికి వెళ్లాక ఏం చేయాలో చెప్పడం, మనసుకు ధైర్యమివ్వడం, ఒంటి శుభ్రత, లోపలికీ బయటికీ వెళ్లిన ద్రవాల లెక్క, రోగిని కనిపెట్టి ఉండటం, డిశ్చార్జ్ ఏర్పాట్లు. మందులు, ఇంజెక్షన్లు ఈ జాబితాలో లేవు. వాటికి సంతకం ఉంటుంది, తప్పితే ప్రశ్న ఉంటుంది. మంచి ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వార్డు ఈ జాబితాను ముందేసుకుని కూర్చుంటే చాలు.

డిశ్చార్జ్ విషయం విడిగా చెప్పుకోదగ్గది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు మేరీ నేలర్ 65 ఏళ్లు దాటిన, మళ్లీ ఆసుపత్రి పాలయ్యే ముప్పు ఎక్కువగా ఉన్న 363 మందిపై చేసిన ప్రయోగం 1999లో వచ్చింది. ఆసుపత్రిలో చూసిన అనుభవజ్ఞురాలైన నర్సే ఇంటికీ వెళ్లి చూసింది, ఫోన్‌లో అందుబాటులో ఉంది. ఆరు నెలల లోపు మళ్లీ చేరినవారు మామూలు పద్ధతిలో 37 శాతం, ఇక్కడ 20 శాతం. వైద్య ఖర్చు సగానికి దగ్గరగా పడిపోయింది. అయినా ఈ పద్ధతి వేగంగా వ్యాపించలేదు. కారణం వైద్యపరమైనది కాదు: ఖర్చు పెట్టేది ఆసుపత్రి, ఆదా అయ్యేది బీమా సంస్థకు. రోగి మళ్లీ చేరకపోతే ఆసుపత్రికి ఆదాయం తగ్గుతుంది కూడా.

టిక్కుల కోసం తిరిగిన రౌండ్లు

విఫలమైన ప్రాజెక్టుల మీద వ్యాసాలు తక్కువ, పాఠాలు ఎక్కువ. ఇంగ్లండ్‌లో గంటకోసారి ప్రతి రోగి దగ్గరికీ వెళ్లి నొప్పి, మూత్రవిసర్జన, పడుకున్న తీరు, అవసరమైన వస్తువులు చేతికి అందుతున్నాయా అన్నది అడిగి నమోదు చేసే రౌండ్ల పద్ధతి విస్తృతంగా వచ్చింది. మిడ్ స్టాఫోర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగులు నిర్లక్ష్యానికి గురైన ఉదంతం తర్వాత దీనికి రాజకీయ మద్దతు కూడా దొరికింది. అమెరికాలోని తొలి అధ్యయనాల్లో కాలింగ్ బెల్లులు, పడిపోవడాలు తగ్గినట్టు కనిపించింది. ఇంగ్లండ్‌లో లోతుగా మదింపు చేసినప్పుడు మాత్రం ఆధారం బలహీనంగా తేలింది. నర్సులు ఫారం నింపడం మీద దృష్టి పెట్టారు, రోగి ఫారంలో లేనిది అడిగితే వినే తీరిక లేకపోయింది. స్పృహలో ఉండి నడవగలిగే రోగినీ, కదలలేని రోగినీ ఒకే గంట లెక్కన అడగడంలో నర్సు వివేచనకు చోటే లేదు. నర్సుల పేరుతో నడిచే ప్రతిదీ నర్సుల నాయకత్వం కాదు. పై నుంచి వచ్చిన ఫారాన్ని నర్సులు నింపితే అది గుమాస్తా పని అవుతుంది.

మరో రకం వైఫల్యం ఇంకా ఆసక్తికరం. చిన్న వయసులో మొదటిసారి తల్లులవుతున్నవారి ఇళ్లకు గర్భం దాల్చినప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేవరకు నర్సు క్రమంగా వెళ్లే కార్యక్రమం అమెరికాలో 1970ల చివర్లో మొదలై మంచి పేరు తెచ్చుకుంది. దాన్ని రూపొందించిన డేవిడ్ ఓల్డ్స్ నర్సు కాదు, మనస్తత్వవేత్త. డెన్వర్‌లో ఇదే పనిని నర్సులతోనూ, తగిన శిక్షణ ఇచ్చిన సాధారణ కార్యకర్తలతోనూ చేయించి పోలిస్తే నర్సులతోనే ఎక్కువ ఫలితం కనిపించింది. ఇంగ్లండ్‌లో 1,600 మందికి పైగా యువ తల్లులతో ప్రయోగం చేసి 2015లో ఫలితాలు ప్రకటిస్తే, ముఖ్యమైన కొలమానాలు నాలుగింట్లోనూ ప్రయోజనం కనిపించలేదు: గర్భిణిగా పొగతాగడం, బిడ్డ బరువు, రెండేళ్లలోపు మళ్లీ గర్భం, అత్యవసర విభాగానికి రావడం. నర్సుల నైపుణ్యంలో లోపం ఉందనుకోవడానికి ఆధారం లేదు. ఇంగ్లండ్‌లో మంత్రసానులు, ఇంటికి వచ్చే ఆరోగ్య సందర్శకులు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నారు. ఏమీ లేనిచోట కొత్త సేవ తెచ్చే తేడా, అంతో ఇంతో ఉన్నచోట తేదు.

లెక్క తప్పితే

వార్డు స్థాయి ప్రాజెక్టుల్లో అతి పెద్ద బలహీనత కొలత. ఒక నెలలో నలుగురు రోగులు పడిపోయారు. అందరూ కంగారుపడి ప్రాజెక్టు మొదలుపెట్టారు. తర్వాతి నెలలో ఇద్దరే పడ్డారు. సగానికి తగ్గిందని నివేదిక తయారవుతుంది. నిజానికి చెడ్డ నెల తర్వాత మామూలు నెల రావడానికి ఏ ప్రాజెక్టూ అక్కర్లేదు. ముందు కనీసం ఏడాది లెక్కలు తీసి, రోగుల సంఖ్య మారుతుంటుంది కాబట్టి వెయ్యి రోగి-రోజులకు (ఒక రోగి వార్డులో ఉన్న ఒక రోజు ఒక రోగి-రోజు) ఎన్ని అన్న రేటుగా మార్చి, నెలనెలా గీత గీస్తే గానీ మార్పు మార్పో కాదో తెలియదు. దానితో పాటు ఇంకో లెక్క కూడా కావాలి. రోగులను మంచం దిగనివ్వకపోతే ఎవరూ పడరు. కానీ పది రోజులు కదలని వృద్ధుడు కాళ్లలో బలం పోగొట్టుకుని ఇంటికి వెళ్లి పడతాడు. వార్డు గీత మాత్రం అందంగా కిందికి దిగుతుంది.

బోస్టన్‌కు చెందిన నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రిసియా డైక్స్ బృందం ఈ సమస్యను మరో దారిలో పట్టుకుంది. ప్రతి రోగికీ అతను పడిపోవడానికి ఉన్న సొంత కారణాలేమిటి, వాటికి ఏం చేయాలి అన్నది రోగితో, కుటుంబంతో కలిసి నింపిన పోస్టరు మంచం దగ్గర పెట్టారు. తాము పడతామని చాలామంది రోగులు నమ్మరు. నర్సుకు తెలిసిన ముప్పు రోగికి తెలియకపోతే అర్ధరాత్రి అతను ఒంటరిగానే లేస్తాడు. 14 వార్డుల్లో చూసిన ఈ పద్ధతి ఫలితాలు 2020లో వచ్చాయి. పడిపోవడాలు 15 శాతమే తగ్గాయి, గాయాలతో కూడినవి మాత్రం 34 శాతం తగ్గాయి. ఆర్భాటం లేని అంకెలు కాబట్టే వీటిని నమ్మవచ్చు.

లెక్కల విషయంలో ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను గుర్తు చేసుకోకుండా ఉండలేం, అయితే దీపంతో తిరిగిన నర్సుగా కాదు. క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి ఆసుపత్రిలో ఆమె వచ్చిన తర్వాత కూడా తొలి శీతాకాలంలో మరణాలు పెరిగాయి. 1855 మార్చిలో వచ్చిన పారిశుధ్య కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించి, గాలి ఆడేలా చేశాకే అవి వేగంగా దిగివచ్చాయి. ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చి గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి లెక్కలు వేసినప్పుడు గానీ పారిశుధ్యం పాత్ర ఎంతటిదో ఆమెకు పూర్తిగా తెలియలేదు. 1858లో ఆమె గీసిన చిత్రాలు యుద్ధ గాయాల కంటే నివారించదగిన జబ్బులే ఎక్కువమందిని చంపాయని చూపించాయి. ఆ లెక్కలను ఆమె దాచి ఉంచి, తనకు దక్కిన కీర్తిని అలాగే ఉంచుకుని ఉండవచ్చు. అలా చేయలేదు.

మనుషులు చాలనిచోట

నర్సులకు ఎంత పెద్ద బాధ్యత అప్పగించవచ్చన్న ప్రశ్నకు దక్షిణాఫ్రికా గట్టి జవాబు ఇచ్చింది. హెచ్‌ఐవీ రోగుల సంఖ్యకు వైద్యులు ఏ మూలకూ చాలని పరిస్థితుల్లో, 812 మంది రోగులను వైద్యుల పర్యవేక్షణ, నర్సుల పర్యవేక్షణ కింద విభజించి చేసిన ప్రయోగం 2010లో ప్రచురితమైంది. నర్సుల వైద్యం తీసిపోలేదు. నర్సులే మందులు మొదలుపెట్టే విధానం దేశమంతా విస్తరించింది. ప్రాథమిక వైద్యంలో వైద్యుల స్థానంలో నర్సులు చూసిన 18 ప్రయోగాలను 2018లో కలిపి సమీక్షించినప్పుడు కూడా ఫలితాలు సమానంగా లేదా కొంచెం మెరుగ్గా కనిపించాయి. రోగులు ఎక్కువ సంతృప్తి చెందారు, ఒక్కో రోగికి పట్టిన సమయం కూడా పెరిగింది. యాజమాన్యం రెండోదాన్ని ఖర్చు పద్దులో రాస్తుంది. రోగి సంతృప్తికి అదే కారణమేమో అడిగి చూడటం మేలు.

ఆ సమయం ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు చిక్కు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో నాలుగు లక్షలకు పైగా శస్త్రచికిత్స రోగుల లెక్కలు చూసింది. ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. పెన్సిల్వేనియాలో 2002లో తేలిన అంకె కూడా ఇంతే. ఎనిమిది మందిని చూస్తున్న నర్సుకు గుటక పరీక్ష, నోటి శుభ్రత, కాథెటర్ సమీక్ష, పడిపోకుండా పోస్టరు అంటూ నాలుగు ప్రాజెక్టులు అప్పగిస్తే, ఆమె ఐదో పని వదిలేస్తుంది. ఆ ఐదో పని ఏదో ఏ నివేదికలోనూ ఉండదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో సగటున పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు అన్న నిష్పత్తిని చట్టం చేసింది. ఐదేళ్ల తర్వాత వచ్చిన మదింపులో, అదనపు నర్సులకు పెట్టిన ఖర్చు కంటే రోగులు త్వరగా ఇంటికెళ్లడం వల్ల, మళ్లీ చేరకపోవడం వల్ల మిగిలిన మొత్తం రెట్టింపుకు పైగా ఉందని తేలింది. వార్డులో కొత్త ప్రాజెక్టుకు అనుమతి అడిగే నర్సు తన దరఖాస్తులో మొదటి పేజీలో పెట్టాల్సింది ఈ లెక్కే. డ్యూటీ చార్టులో ఆ పనికి ఎన్ని గంటలు కేటాయిస్తారన్న ప్రశ్నను దాని కింద రాస్తే సరిపోతుంది.